మొహమాటస్తులకు కాలేజీ మొదటి ఏడాది: నెల్లూరు, ఒంగోలు పిల్లల కోసం

ఇంటర్ రెండేళ్లూ నోరు విప్పకపోతే బుద్ధిమంతుడన్నారు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం టెస్టు. ఎవరితోనూ మాట్లాడాల్సిన అవసరమే పడలేదు. డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరాక అదే గుణం ఎదురు తిరుగుతుంది. ఇక్కడ ఎవరూ నిద్ర లేపరు, రాలేదేమని ఎవరూ వెతకరు. అసైన్‌మెంట్ తేదీ మారిందనీ, ల్యాబ్ గది మారిందనీ, స్కాలర్‌షిప్‌కి ఇంకో కాగితం కావాలనీ మాటల్లోనే తెలుస్తుంది. మాట్లాడని పిల్లలకి అన్నీ ఒకరోజు ఆలస్యంగా చేరతాయి.

మొదటి ఏడాది పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి కనుక ఈ రకం పిల్లల్ని ప్రతి జూలైలో చూస్తుంటాను. గోడ పక్కన కూర్చుంటారు, హాజరు పిలిస్తే వాళ్ల గొంతు నాదాకా రాదు. ఇది వాళ్ల కోసం రాస్తున్నా. "ధైర్యంగా ఉండు, అందరితో కలిసిపో" అన్న సలహా ఇందులో ఉండదు. ఆ సలహా ఇచ్చేవాళ్లకి బిడియమంటే ఏందో తెలీదని నా అనుమానం.

నెల్లూరు వాళ్లకి రొట్టెల పండగ గురించి చెప్పక్కర్లేదు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి, ముక్కూమొహం తెలియని మనుషులు "చదువు రొట్టె ఎవరి దగ్గరుంది?", "ఉద్యోగం రొట్టె ఉందామ్మా?" అని అడుగుతుంటారు. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు తీసుకుంటారు. బంధువుల ఇంట్లో మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడే మనిషి అక్కడ గొంతెత్తి అడుగుతాడు. చేతిలో ఒక వస్తువుంది, అడగడానికి ఒక కారణముంది, అంతే. బిడియస్తులకి మాటలు రాకపోవడమంటూ ఉండదు. పనిలేని మాట ఎట్టా మొదలుపెట్టాలో తెలీదు, అంతవరకే. అందుకని కింద చెప్పే ప్రతి అడుగులోనూ మాటకి ఒక పని తగిలించడమే చేశాను.

చేరే ముందు వారం

కాలేజీకి ఒకసారి ఊరికే వెళ్లి చూసి రా. నీ తరగతి గది ఎక్కడ, ఆఫీసు కౌంటర్ ఎక్కడ, తాగే నీళ్లెక్కడ, టాయిలెట్ ఎక్కడ, తిరుగు బస్సు ఎక్కడ ఆగుతుంది, ఈ ఐదూ తెలిస్తే మొదటి రోజు భయం సగం పోతుంది. ఊరి మధ్య కాలేజీ అయితే సులువు. విక్రమ సింహపురి యూనివర్సిటీలాగా ఊరికి దూరంగా, హైవే మీద కాకుటూరు దగ్గర ఉంటే మాత్రం ఏ బస్సు అక్కడ ఆపుతాడో, ఏది ఆపడో ముందే కనుక్కో. కొత్త చోటికి ఆలస్యంగా చేరి, నిండిన తరగతిలోకి అందరి కళ్ల ముందు నడిచి వెళ్లడం బిడియస్తులకి పెద్ద శిక్ష.

ఒక ఫైలు తయారు చేసుకో. పదో తరగతి, ఇంటర్ మార్కుల లిస్టులు, టీసీ, కులం, ఆదాయం, ఆధార్, అన్నీ మూడేసి జిరాక్సులు. పాస్‌పోర్ట్ ఫొటోలు ఎక్కువే పెట్టుకో. దానితోపాటు ఒక స్టేప్లర్, ఒక గమ్ స్టిక్, రెండు పెన్నులు. అడ్మిషన్ల వారంలో ప్రతి కౌంటర్ దగ్గరా ఎవరో ఒకరు "బాబూ, గమ్ ఉందా?" అంటారు. స్టేప్లర్ ఉన్నవాడి దగ్గరికి జనమే వస్తారు. నువ్వు ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేదు.

ఇక పరిచయం. మొదటి వారంలో కనీసం నాలుగైదుసార్లు లేచి నిలబడి నీ గురించి చెప్పమంటారు. ఆ క్షణంలో వెతుక్కుంటే ఏమీ దొరకదు. నాలుగు వాక్యాలు ముందే రాసుకో: పేరు, ఊరు, ఇంటర్ ఎక్కడ చదివావు, నాలుగోది నీ ఊరి గురించి ఒక ముక్క. ఆ నాలుగోదే ముఖ్యం. "మాది చీమకుర్తి, మా నాన్న గ్రానైట్ క్వారీలో పనిచేస్తాడు." "మాది కందుకూరు పక్క పల్లె, పొగాకు బ్యారన్‌లో మా ఇంటిల్లిపాదీ పని." "మాది సూళ్లూరుపేట, రాకెట్ వదిలితే మా మిద్దె మీద నుంచి కనబడుద్ది." "మాది ఉదయగిరి, చెక్క గరిటెలు చేసే ఊరు." పేరు అందరూ మర్చిపోతారు. రాకెట్ కనపడే మిద్దె మాత్రం గుర్తుంటుంది, బ్రేక్‌లో ఎవడో వచ్చి దాని గురించే అడుగుతాడు. మాట వాడు మొదలుపెట్టాడు, నువ్వు జవాబు చెప్తే చాలు. ఇంగ్లీషులోనూ ఈ నాలుగు వాక్యాలే రాసి పెట్టుకో, కొందరు సార్లు ఇంగ్లీషులోనే అడుగుతారు.

మొదటి రోజు, మొదటి వారం

పావుగంట ముందు వెళ్లు. ఖాళీ గదిలో కూర్చున్నవాడు అక్కడి మనిషిలాగా ఉంటాడు, తర్వాత వచ్చేవాళ్లే కొత్తవాళ్లు. రెండో వరసో మూడో వరసో, అంచు సీటు పట్టుకో. చివరి బెంచీ దాక్కోవడానికి బాగుంటుందని అనిపిస్తుంది గానీ, అక్కడ గుంపులు త్వరగా కడతాయి, గోల చేసేవాళ్లు చేరతారు, సారు చూపు కూడా అక్కడే ఉంటుంది. వారమంతా అదే సీటు. రోజూ ఒకే చోట కనబడే మనిషికి నాలుగో రోజు నుంచి పక్కవాళ్లు తలూపుతారు.

పక్కన ఎవరైనా కూర్చుంటే అడగడానికి ఒక ప్రశ్న ఉంచుకో, జవాబు నీకు తెలిసినా సరే: "ఇది ఏ సెక్షనేనా?", "టైంటేబుల్ ఇచ్చారా మీకు?" మొదటి రెండు రోజులు "మీరు" అంటే ఎవరూ నవ్వరు. మూడో రోజుకి అదే "నువ్వు"లోకి దిగుతుంది. సీనియర్లకి అన్నా, అక్కా. సారుకి, మేడమ్‌కి పేరు చేర్చక్కర్లేదు.

రోల్ నంబరే నీకు చుట్టం

ఇది ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతా. మన కాలేజీల్లో ల్యాబ్ బ్యాచ్‌లు, వైవా వరస, పరీక్ష హాల్లో సీట్లు, చాలాచోట్ల సెమినార్ తేదీలు కూడా రోల్ నంబరు వరసలోనే పడతాయి. నీకంటే ముందు ఇద్దరు, నీ తర్వాత ఇద్దరు, ఈ నలుగురూ నీతో ఏళ్ల తరబడి ఉంటారు. స్నేహితుల్ని వెతుక్కోవడానికి క్యాంటీన్‌లో తిరగక్కర్లేదు. ల్యాబ్‌లో మైక్రోస్కోపో, కంప్యూటరో, బ్యూరెట్టో మధ్యలో పెట్టుకుని ఆ నలుగురితో వారానికి రెండు మూడు గంటలు నిలబడతావు. ఇద్దరి కళ్లూ పరికరం మీద ఉంటాయి, ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు. బిడియం ఉన్నవాళ్లకి ఇంతకంటే అనువైన చోటు కాలేజీలో లేదు.

మొదటి ల్యాబ్ రోజే ఆ నలుగురి నంబర్లు తీసుకో. "రీడింగులు ఏమన్నా తేడా వస్తే అడుగుతా, నంబర్ ఇస్తావా?" కారణం చెప్పి అడిగిన నంబర్ ఎవరూ కాదనరు. ఆడపిల్లల నంబర్ మగపిల్లలు, మగపిల్లల నంబర్ ఆడపిల్లలు అడగడం ఇబ్బందిగా ఉంటే వదిలెయ్యి, క్లాస్ గ్రూపులో ఎట్టాగూ ఉంటాయి. ల్యాబ్ మాటలు ల్యాబ్‌లో మాట్లాడుకుంటే చాలు.

ఇక్కడ ఒక గుంట ఉంది. చేతిరాత బాగుండి, కాదనడం తెలియని పిల్లలు రెండో నెలకల్లా నలుగురి రికార్డులూ రాస్తూ కనబడతారు. "నువ్వైతే తొందరగా రాస్తావుగా" అని ఒకడు ఇస్తాడు, వాడి వెనక ఇంకోడు. దీన్ని స్నేహమనుకుంటారు పాపం. రికార్డు అయిపోయాక క్యాంటీన్‌కి పిలిచేటప్పుడు వీళ్లని పిలవరు. ఒక వాక్యం నేర్చుకో: "నాది చూసి రాసుకో, రాసివ్వడం మాత్రం నా వల్ల కాదు." కారణం చెప్పకు. కారణం చెబితే దానికి విరుగుడు కనిపెడతారు. ప్రాక్సీ హాజరు అడిగినా, డబ్బు అప్పు అడిగినా ఇదే పద్ధతి: "నా వల్ల కాదు", అక్కడితో ఆపు. చెప్పాక గుండె కొట్టుకుంటుంది, పది నిమిషాలకి తగ్గుతుంది.

సీనియర్లు, "ఇంట్రో"

పేరు, ఊరు, ఏ గ్రూపు అని అడగడం మామూలే. పాట పాడు, గంతులెయ్యి, బూతు చదువు, రాత్రి మా రూముకి రా అనడం ర్యాగింగ్. 2009లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) తెచ్చిన నిబంధనల ప్రకారం సీనియర్ల రాతపనులు జూనియర్ల చేత చేయించడం, బలవంతంగా ఖర్చు పెట్టించడం కూడా ర్యాగింగే. మన రాష్ట్రంలో 1997 నుంచి దీనికి ప్రత్యేక చట్టం ఉంది, జైలుశిక్ష దాకా పోతుంది. ర్యాగింగ్ ఫిర్యాదులకి 1800-180-5522 నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది. ఫోన్‌లో గొంతు పెగలదనుకుంటే మెయిల్ కూడా పెట్టొచ్చు. చేరేటప్పుడు నువ్వూ, అమ్మానాన్నలూ ర్యాగింగ్ వ్యతిరేక హామీపత్రం ఇస్తారు. సంతకం చేసే ముందు ఒకసారి చదువు, సీనియర్ చేసేదేదో అందులో ఉందా లేదా అప్పుడే తెలుస్తుంది.

హాస్టల్ గది

గదిలో ముగ్గురో నలుగురో ఉంటారు. మొదటి రోజు ఊరగాయ సీసా బయట పెట్టు. మెస్సులో సాంబారు తిన్న నాలిక్కి మామిడికాయ ముక్క దొరికితే కర్నూలు పిల్లోడైనా, చిత్తూరు పిల్లోడైనా "మీ అమ్మ పెట్టిందా?" అని మొదలుపెడతాడు.

మొదటి వారంలోనే తేల్చుకోవాల్సినవి మూడు: లైటు ఎప్పుడు ఆపాలి, ఫోన్ మాటలు గదిలోనా బయటా, సబ్బు, చెప్పులు లాంటివి పంచుకోవాలా వద్దా. "నాకు పదకొండుకి నిద్రొస్తుంది, ఆ తర్వాత చిన్న లైటు వేసుకుంటావా?" అని మామూలుగా అడుగు. నెల గడిచాక అడిగితే కోపంతో అడిగినట్టుంటుంది. ఓర్చుకుని ఓర్చుకుని ఒకరోజు బట్టలు సర్దుకుని ఇంటికెళ్లిపోయే పిల్లలు దాదాపు అందరూ ఈ లైటు మాట మొదట్లో అనలేకపోయినవాళ్లే.

ప్రతి శనివారం బస్సెక్కి ఇంటికి పోకు. నాకు తెలిసి హాస్టల్ అలవాటు కాకుండా చేసేది ఇదే. గదిలో అసలైన కబుర్లు ఆదివారం మధ్యాహ్నమే పుడతాయి, నువ్వు ఆ టైంలో పొదిలి బస్సులో ఉంటావు. మొదటి రెండు నెలలు పదిహేను రోజులకొకసారి చాలు. ఇంటి మీద బెంగ వస్తే రోజూ ఒకే టైంకి ఫోన్ చెయ్యి, అమ్మకి కూడా తేలిక.

రోజూ ఊరినుంచి వచ్చేవాళ్లకి

ఆత్మకూరు నుంచో, టంగుటూరు నుంచో రోజూ బస్సులో వచ్చేవాళ్లకి హాస్టల్ లేదు గనక బస్సే హాస్టల్. మగపిల్లలకి పాసు కోసం కాలేజీ నుంచి స్టడీ సర్టిఫికెట్ కావాలి, ఆ వరసలో నిలబడ్డప్పుడే మీ దారిన వచ్చేవాళ్లెవరో తెలిసిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడపిల్లలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో ఆధార్ చూపిస్తే డబ్బుల్లేని టికెట్ ఇస్తున్నారు. రోజూ ఒకే బస్సు ఎక్కు. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకో. బ్యాగు సీటు మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకో. ఇంతకుమించి ఏం చెయ్యక్కర్లేదు, పక్కన కూర్చున్నవాళ్లు వాళ్లే అడుగుతారు.

వాట్సాప్ గ్రూపు

బిడియస్తులకి ఇది అసలు మైదానంలా కనబడుతుంది. కానీ నోరు లేనివాడు అక్కడా మూగే, అర్ధరాత్రి దాకా చదువుతూ కూర్చుంటాడు. గ్రూపులో నీకు ఒకే పని పెట్టుకో: బోర్డు మీద రాసిన దానికి మంచి ఫొటో తీసి పెట్టడం, లేదా మిడ్ సిలబస్ శుభ్రంగా రాసి పెట్టడం. నెలకి రెండుసార్లు చాలు, నీ పేరు పనికొచ్చే పేరవుతుంది. నవంబరులో తుపాను వచ్చినప్పుడు రేపు సెలవంట అని పది పుకార్లు తిరుగుతాయి మన వైపు. జిల్లా కలెక్టర్ ప్రకటన వచ్చిందా లేదా చూసి అది పెట్టినవాడిని ఆ రోజు అందరూ నమ్ముతారు. సెమిస్టర్ పరీక్షల తేదీలు కూడా ఒక్కోసారి ఆ వానలకే వాయిదా పడతాయి.

సారుతో మాట్లాడటం

స్టాఫ్ రూములోకి వెళ్లడం కష్టమైతే వెళ్లకు. క్లాసు అయ్యాక సారు తలుపు దాటేలోపు ఒక నిమిషం ఉంటుంది. పుస్తకం తెరిచి, అనుమానం వచ్చిన లైను కింద వేలు పెట్టి, "సార్, ఈ స్టెప్ ఎట్టా వచ్చింది?" అను. వేలు పెట్టి అడిగితే మాట తడబడినా ప్రశ్న అర్థమవుతుంది. ఇట్టా అడిగేవాళ్లు సెక్షన్‌కి ముగ్గురో నలుగురో ఉంటారు, వాళ్ల పేర్లు మాకు గుర్తుంటాయి. క్లాసులో లేపి అడిగినప్పుడు తెలియకపోతే "తెలీదు సార్" అని చెప్పి కూర్చో. నిలబడి నేల చూస్తే ఆ మౌనం ఇంకా పొడుగవుతుంది, అందరూ నీవైపే చూస్తారు.

సెమినార్ గురించి ఒక మాట. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే, మొదటి మూడు వాక్యాలు, చివరి వాక్యం బట్టీపట్టు. మధ్యలోది బోర్డు మీద బొమ్మో లెక్కో వేస్తూ చెప్పు. జనంవైపు తిరిగి ఉండాల్సిన టైం తగ్గుతుంది, చేతికి పని దొరుకుతుంది. మధ్యలో తెలుగు ముక్క దొర్లితే ఏ సారూ మార్కులు తీసెయ్యడు. మొదటి సెమినార్లలోనే పేరు ఇవ్వు, అప్పటికి ఎవరూ పోలికలు పెట్టుకోరు. చివరి దాకా ఆగితే అందరికంటే బాగా చెప్పాలనే బరువు నెత్తిన పడుతుంది.

ఆఫీసు కౌంటర్

చాలామంది బిడియస్తులకి నిజంగా నష్టం జరిగేది ఇక్కడ. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు ఉండాలి, ఆధార్‌లో పేరూ మార్కుల లిస్టులో పేరూ ఒకటే ఉండాలి, వేలిముద్ర పడాలి. ఏదో ఒకటి తప్పితే కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగాల్సిందే. "తర్వాత రా" అంటే వెనక్కొచ్చి ఊరుకునే పిల్లల డబ్బే ఆగుతుంది.

అడ్డం తిరిగినట్టు మాట్లాడక్కర్లేదు, కాగితం మాట్లాడుతుంది. తెల్లకాగితం మీద పేరు, రోల్ నంబరు, గ్రూపు, ఏం కావాలో రెండు లైన్లలో రాసి, జిరాక్సులు జతచేసి ఇవ్వు. నోటితో అనాల్సినవి రెండే: "సార్, ఇది ఏ సెక్షన్లో ఇవ్వాలి?", "ఎప్పుడు రమ్మంటారు?" తేదీ చెప్పించుకోకుండా కిటికీ వదలకు. ఆ తేదీకి అదే కాగితం నకలుతో మళ్లీ వెళ్లు. ఆఖరి తేదీ రోజు వెళితే వరస బారెడుంటుంది, లోపలివాళ్ల ఓపిక బెత్తెడుంటుంది. కసిరితే అది నీమీద కోపం అనుకోకు, నీ ముందువాణ్ణీ కసిరారు. మొదటిసారి తోడు కావాలంటే ల్యాబ్ నలుగురిలో ఒకణ్ణి పిలువు, వాడికీ అక్కడ పని ఉండే ఉంటుంది.

ఒంగోలులో 2022లో పెట్టిన యూనివర్సిటీకి ఆంధ్రకేసరి పేరు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో పోలీసు తుపాకీకి ఛాతీ చూపించిన ప్రకాశం పంతులు ఆయన. ఆ యూనివర్సిటీలో చేరినా సరే, స్కాలర్‌షిప్ కిటికీ దగ్గర గొంతు తడారిపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. కాగితం చేతిలో ఉంటే చాలు.

అమ్మానాన్నలకి

"ఫ్రెండ్స్ ఎంతమంది అయ్యారు?" అని ప్రతిరోజూ అడగొద్దు. లెక్క చెప్పలేక అబద్ధం చెబుతారు. "ఈరోజు మెస్సులో ఏం పెట్టారు? ఎవరితో కూర్చుని తిన్నావు?" అంటే నిజం బయటికొస్తుంది. చుట్టాల ముందు "మావాడు అసలు మాట్లాడడండీ" అనడం కూడా ఆపండి.

బిడియం దాటిపోతే

కొత్తలో గుండె దడ, చెమట అందరికీ ఉంటాయి. వారాలు గడిచేకొద్దీ తగ్గాలి. తగ్గకపోగా తరగతికి వెళ్లడమే మానేస్తే, మెస్సులో జనం చూస్తారని భోజనం మానేస్తే, వైవా పేరు చెబితే వాంతి వచ్చినట్టయితే, నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే, అది స్వభావం పరిధి దాటింది. దానికి వైద్యం ఉంది. మనసు బాగాలేనివాళ్లకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్, 14416కి ఫోన్ చెయ్యి, రాత్రీపగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది. గదిలో తోటివాడు ఇట్టా ఉంటే వాణ్ణి ఒంటరిగా వదలకుండా వార్డెన్‌కి చెప్పు. చెప్పొద్దని వాడు ఒట్టు పెట్టినా చెప్పు.

సంక్రాంతి తర్వాత

పండక్కి ఊరెళ్లి తిరిగి వచ్చేసరికి క్లాసు మారి ఉంటుంది. మొదట కట్టిన గుంపులు కొన్ని విడిపోయి ఉంటాయి, ఫలితాలు వచ్చి గొప్పలు తగ్గి ఉంటాయి. మొదటి సెమిస్టర్లో ఎవరూ దొరకలేదని బాధపడ్డవాళ్లకి రెండో విడత అవకాశం ఇదే. మళ్లీ పావుగంట ముందు వెళ్లు, సీటు మార్చు.

ఈ సమయంలోనే ఎన్‌ఎస్‌ఎస్‌కి పేరు ఇమ్మంటాను. ఇది జాతీయ సేవా పథకం: రెండేళ్లలో 240 గంటల సేవ, మధ్యలో ఏదో పల్లెలో ఏడు రోజుల శిబిరం. ఫ్రెషర్స్ పార్టీలో మూలన నిలబడి కూల్‌డ్రింక్ తాగిన పిల్లలే ఈ శిబిరంలో వేరే మనుషుల్లా కనిపిస్తారు, ఎందుకంటే అక్కడ పొద్దున్నుంచి రాత్రిదాకా చేతికి పని ఉంటుంది. పేరు ఇచ్చేటప్పుడు ఊరేగింపు కమిటీనో, సాంస్కృతిక కమిటీనో అంటగట్టబోతారు. వంట కమిటీ కావాలని అడుగు. ఉల్లిపాయలు తరిగేచోట ఎనిమిదిమంది కూర్చుంటారు, తరిగేది చాలా ఉంటుంది.